షాకులు బిగిస్తే బండి కుదురుతుందా?

విజయవాడ ఆటోనగర్‌లో గానీ, గుంటూరులో ఏ సందు మలుపున ఉన్న షెడ్డులో గానీ, బండి గతుకుల్లో బాగా కొడుతోందని చెబితే మెకానిక్ చేసే వైద్యం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. కొక్కెంలాంటి స్పానర్ తీసి, వెనక షాక్ అబ్జార్బర్ల మీది మెట్ల రింగును ఒకటి రెండు మెట్లు తిప్పి, "షాకులు టైట్ చేశానండీ, ఇక చూసుకోండి" అంటాడు. బండి వెనక్కు కూలబడుతోందన్నా, మలుపుల్లో ఊగుతోందన్నా, స్పీడ్ బ్రేకర్ దాటాక గెంతుతోందన్నా తిరిగేది ఆ రింగే. "టైట్" అనే ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. బండి ఏ ఎత్తులో నిలబడుతుందన్నది ఒకటి, స్ప్రింగ్ ఎంత గట్టిదన్నది రెండోది, కదిలిన స్ప్రింగ్ ఎంత త్వరగా కుదుటపడుతుందన్నది మూడోది. ఆ రింగు మార్చేది ముఖ్యంగా మొదటిదాన్నే. మిగిలిన రెండింటి మందూ వేరే చోట ఉంది.

నేను గుంటూరు నుంచి విజయవాడకు రోజూ బండి మీద వెళ్లి వచ్చిన కాలంలో ఒకసారి ఇదే వైద్యం చేయించుకుని, రింగు చివరి మెట్టులో ఉన్న బండితో మూడు నెలలు తిరిగాను. మంగళగిరి దాటేదాకా రహదారి మీద తేడా తెలిసేది కాదు. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కి ఇంద్రకీలాద్రి పక్కన నది వైపు ఒంపు తిరిగే చోట మాత్రం, బండి వాలి ఉండగా వంతెన పలకల మధ్య వచ్చే ఒక్కో ఎక్స్‌పాన్షన్ జాయింట్ మీద వెనక చక్రం చిన్నగా తన్ని, అరంగుళం పక్కకు జరిగినట్టు అనిపించేది. అంతకు ముందు ఆ ఇబ్బంది లేదు. బిగించిన తరువాత బండి ఎందుకు చెడిందన్న ప్రశ్నతోనే నేను ఈ విషయంలోకి దిగాను.

స్ప్రింగ్‌ను షాక్‌లో అమర్చేటప్పుడు దాన్ని కొంత నొక్కి పెట్టి బిగిస్తారు. ఆ ముందస్తు నొక్కుడునే ప్రీలోడ్ అంటారు. మెట్ల రింగు తిప్పితే ఈ నొక్కుడు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. స్ప్రింగ్ తీగ మందం, చుట్ల సంఖ్య, చుట్ల వెడల్పు మారవు కనుక దాని గట్టిదనమూ మారదు. లెక్కగా చూస్తే ఇది తేటగా తెలుస్తుంది. ఒక్కో మిల్లీమీటరు కుంగడానికి 2 కిలోల బరువు కావలసిన స్ప్రింగ్ ఉందనుకుందాం. వెనక చక్రం మీద పడే బరువు 100 కిలోలు. ఆ బరువును మోయడానికి స్ప్రింగ్ మొత్తం 50 మిల్లీమీటర్లు కుంగాలి. అందులో 20 మిల్లీమీటర్లు ముందే నొక్కి ఉంచితే, బండి ఇంకా 30 మిల్లీమీటర్లు కిందికి దిగి నిలుస్తుంది. రింగు తిప్పి 35 మిల్లీమీటర్లు ముందే నొక్కితే, బండి 15 మిల్లీమీటర్లే దిగుతుంది. ఇప్పుడు చక్రం ఒక రాయి ఎక్కి స్ప్రింగ్ మీద మరో 20 కిలోల బలం పడితే రెండు సందర్భాల్లోనూ అది అదనంగా కుంగేది సరిగ్గా 10 మిల్లీమీటర్లే. అంటే బండి 15 మిల్లీమీటర్లు ఎత్తయింది గానీ రవ్వంత కూడా గట్టిపడలేదు.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పకపోతే మాట అసంపూర్ణమవుతుంది. చాలా బండ్ల వెనక స్ప్రింగుల్లో ఒక కొసన చుట్లు దగ్గర దగ్గరగానూ మిగతా భాగంలో ఎడంగానూ ఉంటాయి. దగ్గరి చుట్లు తొందరగా ఒకదానికొకటి ఆనిపోతాయి, ఆ తరువాత పనిచేసే చుట్లు తగ్గి స్ప్రింగ్ గట్టిపడుతుంది. అలాంటి స్ప్రింగ్‌కు ప్రీలోడ్ బాగా పెంచితే మెత్తని చుట్లు ముందే మూసుకుపోయి కొంత గట్టిదనం నిజంగానే వస్తుంది. అయితే అది చేతిలో ఉండే సర్దుబాటు కాదు, అనుకోకుండా వచ్చిపడే ఫలితం.

మరి ప్రీలోడ్ పెంచితే బండి గట్టిగా తోచేదెందుకు? బండి తన బరువుకు, మనిషి బరువుకు కొంత కుంగి నిలబడడం లోపం కాదు, అవసరం. దీన్ని సాగ్ అంటారు, తెలుగులో కుంగుదల అనవచ్చు. చక్రానికి పైకి పోవడానికి ఎంత చోటు కావాలో, గుంత వచ్చినప్పుడు కిందికి దిగడానికీ కొంత చోటు అలాగే కావాలి. 15 మిల్లీమీటర్ల కుంగుదల మాత్రమే ఉన్న బండికి 30 మిల్లీమీటర్ల పల్లం ఎదురైతే, చక్రం సగం దూరం దిగి అక్కడ ఆగిపోతుంది, మిగతా సగం బండి మొత్తం పడిపోవాలి. ఆ క్షణంలో టైరుకూ రోడ్డుకూ పట్టు ఉండదు. వాలి ఉన్న బండి జాయింట్ మీద పక్కకు జరగడమంటే ఇదే. నా బండిని గట్టిపడ్డదని నేను అనుకున్నాను గానీ, నిజానికి అది చక్రానికి కిందికి దిగే దారి మూసుకుపోయిన బండి.

కుంగుదల కొలవడానికి దర్జీ టేపు, ఒక మార్కర్, సాయానికి ఒక మనిషి ఉంటే చాలు. మా ఇంటి వాకిట్లో నేనూ మా బావమరిదీ ఒక ఆదివారం పొద్దున కొలిచాం. బండిని మెయిన్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాలిలో తేలేలా ఉంచి, ఇరుసు నట్టు మధ్య నుంచి దానికి నిట్టనిలువున సీటు కింద ప్యానెల్ మీద పెట్టిన చుక్క దాకా టేపు పట్టాం. తరువాత బండిని దించి, ఎవరూ ఎక్కకుండా కొలిచాం. ఆ తరువాత నేను రోజూ వేసుకునే బ్యాగు తగిలించుకుని, హెల్మెట్ పెట్టుకుని, రెండు పాదాలూ ఫుట్‌రెస్టుల మీద పెట్టి, మునివేళ్లతో గోడను ఆనుకుని కూర్చుంటే మా వాడు కొలిచాడు. "బావా, ఇందాకటికీ ఇప్పటికీ 14 మిల్లీమీటర్లే తేడా ఉంది, ఉత్త బండికైతే అసలు తేడాయే లేదు" అన్నాడు. మూడు నెలల నా అవస్థ ఆ రెండు అంకెల్లో ఉంది.

కొలతలో ఒక్క జాగ్రత్త తప్పనిసరి. సీళ్లు, బుష్‌లు కొద్దిగా పట్టి ఉంచుతాయి కనుక బండిని ఒకసారి కిందికి నొక్కి మెల్లగా వదిలి ఒక కొలత, ఒకసారి పైకి ఎత్తి మెల్లగా వదిలి మరో కొలత తీసుకుని, రెండింటి సగటు పట్టుకోవాలి. ఆ రెండు కొలతల మధ్య తేడా బాగా ఎక్కువగా ఉంటే సీలో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ బుష్‌లో పట్టేస్తున్నాయని అర్థం. అప్పుడు సర్దుబాటు మాని ముందు వాటి సంగతి చూడాలి.

మనిషి కూర్చున్నప్పటి కుంగుదల చక్రం మొత్తం కదలగల దూరంలో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉండాలన్నది ఎక్కువమంది పాటించే లెక్క. నా బండి వెనక చక్రం కదిలేది సుమారు 100 మిల్లీమీటర్లు, కనుక 30 దగ్గర నిలవాలి. రింగును ఐదో మెట్టు నుంచి రెండో మెట్టుకు దించాక సరిగ్గా 30 వచ్చింది, ఉత్త బండికి 8 వచ్చింది. ఈ రెండో అంకెను చాలామంది పట్టించుకోరు గానీ, స్ప్రింగ్ మనకు తగినదో కాదో చెప్పేది అదే. మనిషి ఎక్కినప్పుడు 30 తేవడానికి ప్రీలోడ్ విపరీతంగా పెంచవలసి వచ్చి, ఉత్త బండికి కుంగుదల సున్నా అయిందంటే ఆ స్ప్రింగ్ మన బరువుకు చాలనంత మెత్తనిది. అందుకు భిన్నంగా మనిషి ఎక్కితే 30 ఉండి, ఉత్త బండే 20 దాకా కుంగుతోందంటే స్ప్రింగ్ మనకు మించినంత గట్టిది. గట్టిదనం మార్చాలంటే స్ప్రింగే మార్చాలి. రింగు తిప్పి ఆ పని చేయించలేం.

రెండు పక్కలా షాకులున్న బండ్లలో ఒక చిన్న సంగతి కంటితో చూసి నిర్ధారించుకోవాలి. సైలెన్సర్ అడ్డు వచ్చే కుడి వైపు స్పానర్ సరిగా పట్టక, ఎడమ షాకు నాలుగో మెట్టులోనూ కుడి షాకు రెండో మెట్టులోనూ ఉండిపోయిన బండ్లను నేను ఒకటికి మించి చూశాను. రెండూ ఒకే మెట్టులో ఉండి తీరాలి. వెనక ఒకే షాక్, అంటే మోనోషాక్ ఉన్న బండ్లలో ఈ బెడద లేదు గానీ, అక్కడ షాక్ ఒక మిల్లీమీటరు కదిలితే చక్రం రెండు మూడు మిల్లీమీటర్లు కదిలే అమరిక ఉంటుంది కనుక రింగు కొద్దిగా తిప్పినా కుంగుదల బాగా మారిపోతుంది.

కుంగుదల కుదిరాక బండి ఎలా కదులుతుందన్న ప్రశ్న వస్తుంది. స్ప్రింగ్ తాను మింగిన శక్తిని దాచుకోదు, అంతా తిరిగి ఇచ్చేస్తుంది. ఉత్త స్ప్రింగుల మీద నడిచే బండి ఒక్క గతుకు దాటాక బంతిలా ఎగురుతూనే ఉంటుంది. ఆ శక్తిని వేడిగా మార్చి ఆర్పేసేది షాక్ లోపల చిన్న రంధ్రాల గుండా దూరి పారే నూనె. బీఎండబ్ల్యూ 1935లో తన ఆర్ 12, ఆర్ 17 బండ్లకు గొట్టంలో గొట్టం జారుతూ ముందు చక్రాన్ని మోసే, ఊపును నూనెతో అణిచే టెలిస్కోపిక్ ఫోర్కును పెట్టి అమ్మింది. ఈ రోజు మన వీధుల్లో తిరిగే సాదా బండ్ల ముందు ఫోర్కు కూడా ఆ వంశానిదే. చక్రం పైకి వచ్చేటప్పుడు నూనె ఇచ్చే నిరోధాన్ని కంప్రెషన్ డ్యాంపింగ్ అని, స్ప్రింగ్ మళ్లీ సాగేటప్పుడు ఇచ్చే నిరోధాన్ని రీబౌండ్ డ్యాంపింగ్ అని అంటారు.

వీటి సర్దుబాటు గురించి చదివేవారిని తికమకపెట్టేది "లో స్పీడ్", "హై స్పీడ్" అన్న మాటలు. ఆ వేగం బండిది కాదు, షాక్ లోపలి రాడ్డుది. దీన్ని రెండు స్పీడ్ బ్రేకర్ల ఉదాహరణతో చెబుతాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటవలసిన గుబ్బ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ఆ వేగంతో వెళితే చక్రం దాని నడినెత్తికి చేరడానికి పావు సెకనుకు పైగా పడుతుంది, అంటే చక్రం పైకి లేచే సగటు వేగం సెకనుకు సుమారు 0.37 మీటర్లు. అదే బండి 50 కిలోమీటర్ల వేగంతో, 10 సెంటీమీటర్ల దూరంలో 3 సెంటీమీటర్లు లేచే గుంత అంచును కొడితే, టైరు మెత్తదనాన్ని పక్కన పెట్టి చూస్తే, చక్రం సెకనుకు 4 మీటర్లకు పైబడిన వేగంతో పైకి రావాలి. ఎత్తు మూడో వంతు కన్నా తక్కువ, వేగం పదింతలకు పైన. అందుకే మన కాలనీల్లో చేటడు సిమెంటు పోసి అడ్డంగా వేసే ఇరుకైన గట్లు చూడడానికి చిన్నవే అయినా నడుము విరుస్తాయి.

మామూలు బండ్ల ఫోర్కుల్లో నూనె పారేది మారని రంధ్రాల గుండా. అలాంటి రంధ్రం ఇచ్చే నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది, అంటే వేగం రెండింతలైతే నిరోధం నాలుగింతలవుతుంది. బ్రేకు వేసినప్పుడు ఫోర్కు మెల్లగా మునిగే కదలికను ఆపడానికి ఆ నిరోధం చాలదు. గుంత అంచు తగిలినప్పుడేమో అది గోడలా నిలబడుతుంది. ముందు భాగం బ్రేకుకు మరీ మెత్తగానూ గుంతకు మరీ గట్టిగానూ ఉందని ఎవరైనా అంటే అందులో పొరపాటు లేదు, అది ఆ ఫోర్కు స్వభావం. ఖరీదైన ఫోర్కుల్లో పలుచని ఉక్కు పలకల దొంతర ఒకటి ఉండి, ఒత్తిడి పెరిగినకొద్దీ వంగి నూనెకు దారి ఇస్తుంది కనుక ఈ రెండు చివరలూ దగ్గరపడతాయి.

మన ప్రాంతపు దారులకు అన్నిటికన్నా ఎక్కువగా సంబంధించినది, అన్నిటికన్నా తక్కువగా చర్చకు వచ్చేది రీబౌండ్. గుంటూరు నుంచి ప్రత్తిపాడు, చిలకలూరిపేట వైపు వెళ్లినవారికి ఆ దారుల తీరు తెలుసు. కింద ఉన్నది నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుని నెర్రెలు విచ్చే ఆ మట్టి మీద వేసిన తారు రోడ్డు ఎక్కడా పగలకపోయినా, కొన్నేళ్లకు అలలు తేలుతుంది. ఒక అల నెత్తి నుంచి తరువాతి అల నెత్తికి 10 మీటర్లు ఉందనుకుంటే, 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండికి సెకనుకు 1.67 అలలు తగులుతాయి. స్ప్రింగుల మీద ఉన్న మామూలు బండిని ఒకసారి నొక్కి వదిలితే అది తనంత తాను ఊగే వేగం సెకనుకు సుమారు ఒకటిన్నర నుంచి రెండున్నర సార్లు. రెండూ కలిశాయంటే, ఉయ్యాలను సరైన అదనులో తోసినట్టు, ఒక్కో అల బండి ఊపును పెంచుకుంటూ పోతుంది. 40లో నిశ్చింతగా పోయిన బండి 60లో పడవలా ఊగడానికి కారణం ఇదే. మామూలు స్ప్రింగ్‌కు ప్రీలోడ్ ఎంత పెంచినా గట్టిదనం మారదు కనుక ఈ ఊగే వేగమూ మారదు. ఊపును ఆర్పగలిగేది డ్యాంపింగే, అందులోనూ ప్రధానంగా రీబౌండ్.

అలాగని రీబౌండ్‌ను చేతికొచ్చినంత బిగిస్తే మరో ముప్పు ఉంది. ఉండవల్లి దగ్గర మొదలై కృష్ణ కుడిగట్టు వెంట సాగే కరకట్ట దారిలాంటి చోట్ల, రోడ్డు మీద ప్యాచ్ తరువాత ప్యాచ్ తగులుతుంటే, ఒక దెబ్బకు కుంగిన చక్రం పూర్తిగా సాగేలోపే రెండో దెబ్బ, అది తేరుకునేలోపే మూడోది వచ్చి పడతాయి. ప్రతి దెబ్బకూ షాక్ కొద్ది కొద్దిగా ముడుచుకుపోయి, చివరకు కదలడానికి చోటే మిగలదు. అప్పుడు బండి రాయిలా కొడుతుంది. కొడుతోందని ఇంకా బిగించేవారు నిజానికి రోగాన్నే పెంచుతున్నారు. మొదటి గతుకు బాగానే ఉండి, నాలుగో గతుకు నుంచి గట్టిపడుతూ పోతోందంటే రీబౌండ్ ఎక్కువైందని, ఒక్క గతుకుకే రెండు మూడు సార్లు ఎగిరి సర్దుకుంటోందంటే తక్కువైందని గుర్తు పట్టవచ్చు. ఇంటి దగ్గర సీటు మీద రెండు చేతులూ వేసి బలంగా నొక్కి వదిలితే, బండి ఒక్కసారి పైకి వచ్చి ఊగకుండా నిలవాలి.

రీబౌండ్ సర్దుబాటుకు మర (స్క్రూ) ఉన్న బండి అయితే, దాన్ని కుడి వైపుకు నెమ్మదిగా చివరిదాకా తిప్పి, అక్కడి నుంచి వెనక్కు ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టి ముందుగా కాగితం మీద రాసుకోవాలి. ఒకసారికి ఒకే మర, అదీ రెండు క్లిక్కులకు మించకుండా మార్చి, అదే దారిలో అదే వేగంతో మళ్లీ నడిపి చూడాలి. కొండవీడు ఘాట్ లాంటి మలుపుల దారి ఇందుకు మంచి పరీక్ష. ఎక్కేటప్పుడు బరువు వెనక్కు, దిగేటప్పుడు ముందుకు వాలుతుంది కనుక ఏ చివర లోపముందో విడివిడిగా తెలుస్తుంది.

ఎక్కువమంది బండ్లకు ఆ మరలు లేవు. వాటిలో డ్యాంపింగ్ కోసం మనం మార్చగలిగేది ముందు ఫోర్కు నూనె ఒక్కటే, దాన్నే అందరూ మరిచిపోతారు. ఇంజన్ ఆయిల్ పట్ల ఉండే శ్రద్ధ ఫోర్కు ఆయిల్ మీద ఉండదు. సీలు కారి ఫోర్కు గొట్టం మీద తడి వలయం కనిపించేదాకా దాన్ని విప్పరు. విప్పితే వచ్చేది చాలాసార్లు బూడిదరంగు నీళ్లలాంటి ద్రవం. అరిగిన లోహపు పొడితో, తేమతో కలిసి పలుచబడిన ఆ నూనె, 45 డిగ్రీలు తాకే మన వేసవిలో ఇంకా పలుచబడి దాదాపు ఏ నిరోధమూ ఇవ్వదు. మార్చేటప్పుడు మాన్యువల్ చెప్పిన చిక్కదనం, చెప్పిన కొలత రెండూ ముఖ్యం. నూనె పైన మిగిలే గాలి కూడా ఒక స్ప్రింగే. నూనె మట్టం పెంచితే గాలి చోటు తగ్గి, ఫోర్కు అడుగంటబోయే చివరి భాగంలో గట్టిపడుతుంది. అందుకే కంటి లెక్కన పోయకుండా, రెండు కాళ్లలోనూ మట్టాన్ని స్కేలుతో కొలిచి సమం చేయమని మెకానిక్‌ను అడగాలి.

వీటన్నిటికన్నా ముందు టైరు గాలి చూసుకోవాలని వేరే చెప్పనక్కరలేదు. చైన్ కవర్ మీదో స్వింగ్ ఆర్మ్ మీదో అంటించిన కాగితంలో ఒక్కరికి ఎంత, ఇద్దరికి ఎంత అన్నది రాసే ఉంటుంది. హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, అంటే కోన్ సెట్ అరిగి హ్యాండిల్ మధ్యలో పట్టేసే బండికీ ఎంత సర్దినా మలుపులో నమ్మకం రాదు.

చివరగా, కుంగుదలకూ స్టీరింగ్‌కూ ఉన్న సంబంధం. మా అమ్మ బరువు 55 కిలోలు. ఆమె వెనక కూర్చుంటే ఆ బరువు దాదాపు అంతా వెనక చక్రం మీదే పడి, నా బండి ఇంకో 27 మిల్లీమీటర్లు దిగుతుంది. చక్రాల మధ్య దూరం 1,300 మిల్లీమీటర్లు అనుకుంటే బండి ఒక డిగ్రీకి పైగా వెనక్కు వాలినట్టు. ఫోర్కు ఆ మేరకు పడుకుని, ముందు చక్రం మీద బరువు పలుచబడి, మలుపులో బండి అనుకున్న గీతకన్నా బయటికి పోతుంది. హెడ్‌లైట్ వెలుగు 25 మీటర్ల దూరంలో అర మీటరు పైకి లేచి, ఎదుటివారి కళ్లలో పడుతుంది. ఆ రింగు నిజంగా పనికొచ్చే చోటు ఇదే, దాని కోసమే దాన్ని పెట్టారు. ఐదో మెట్టుకు తిప్పితే 57 మిల్లీమీటర్ల కుంగుదల 41కి వస్తుంది, వెలుగు మళ్లీ రోడ్డు మీదికి దిగుతుంది. ఇప్పుడు నా బండి సీటు కింద ఆ కొక్కెంలాంటి సి స్పానర్‌తో పాటు ఒక చీటీ ఉంటుంది. ఒక్కడినే అయితే రెండు, అమ్మతో అయితే ఐదు. ఆమెను ఇంటి దగ్గర దించగానే రెండు పక్కలా మూడు మెట్లు వెనక్కు తిప్పుతాను. రెండు నిమిషాల పని.